కొత్త వెర్షన్ వద్దు, ఆ ఒక్క రిపేరు చాలు

రిలీజు ఇంకో వారంలో ఉందనగా సెక్యూరిటీ టీమ్ నుంచి మెయిల్ వచ్చింది. మీ ప్రొడక్టులో ఉన్న జీలిబ్ పాతది, ఈ సీవీఈ సంగతి చూడండి అని. మీరు రిపో తెరిచారు. థర్డ్ పార్టీ ఫోల్డరులో జీలిబ్ సోర్సు మొత్తం ఉంది. ఎవరు తెచ్చి పెట్టారో, ఏ వెర్షనో, తెచ్చాక ఏమేం మార్చారో చెప్పేవాళ్లు టీములో లేరు. కొత్త వెర్షన్ దించేద్దామంటే ఈ సమయంలో అంత మార్పుకు మేనేజరు ఒప్పుకోరు. ఊరుకుందామంటే సెక్యూరిటీ వాళ్లు ఊరుకోరు. ఇప్పుడేం చేస్తారు?

దారి ఉంది. అసలు ప్రాజెక్టు వాళ్లను అప్‌స్ట్రీమ్ అంటాం కదా, వాళ్లు ఆ బగ్గుకు చేసిన రిపేరును మాత్రమే తెచ్చి మీ పాత కాపీకి అమర్చడం. బ్యాక్‌పోర్ట్ అంటే ఇదే. పది లైన్లు కాపీ చేయడానికి ఒక అధ్యాయమా అనుకుంటున్నారా? ఆ పది లైన్లు తేవడం నిజంగానే పది నిమిషాల పని. వాటికి తోడుగా రావలసినవన్నీ వచ్చాయా, రేపు మీ సీట్లో కూర్చునేవాళ్లకు ఏం జరిగిందో తెలిసేలా రాసి పెట్టారా అన్నదగ్గరే చాలామంది బోల్తా పడతారు. అందుకని ప్యాచ్ వేయడం గురించి తక్కువ, దాని ముందూ వెనకా చేయాల్సిన పని గురించి ఎక్కువ మాట్లాడుకుందాం.

1. మీ దగ్గర ఉన్నదేమిటో ముందు తేల్చుకోండి

హెడర్ ఫైలులో వెర్షన్ నంబరు ఉంటుంది. జీలిబ్‌లో అయితే జీలిబ్ డాట్ హెచ్ పైభాగంలోనే కనిపిస్తుంది. దాన్ని చూసి "1.2.11 అన్నమాట" అని సరిపెట్టుకోకండి. అప్‌స్ట్రీమ్ విడుదల చేసిన అదే వెర్షన్ టార్ ఫైలు దించుకుని, మీ ఫోల్డరుతో డిఫ్ తీయండి. తేడా ఏమీ రాకపోతే మీరు అదృష్టవంతులు. సాధారణంగా వస్తుంది. టెస్టుల ఫోల్డరు తీసేసి ఉంటారు, బిల్డ్ ఫైళ్లు మార్చి ఉంటారు, ఫంక్షన్ల పేర్ల ముందు ఏదో ప్రిఫిక్స్ తగిలించి ఉంటారు. వీటితో పెద్ద పేచీ లేదు. వేగం కోసమో, ఏదో పాత ప్లాట్‌ఫామ్ కోసమో లాజిక్కే మార్చి ఉంటే మాత్రం జాగ్రత్త. ఆ డిఫ్‌ను ఒక ఫైలుగా దాచుకోండి. ప్యాచ్ పట్టకుండా మొరాయించినప్పుడు మొదట చూడాల్సింది దాన్నే.

2. ఆ బగ్గు మీ కాపీలో అసలుందా?

వింత ప్రశ్నలా ఉంది కదూ. కానీ లేని జబ్బుకు మందు వేసేవాళ్లు ఎంతోమంది. 2014 ఏప్రిల్ 7న హార్ట్‌బ్లీడ్ బయటపడినప్పుడు ఓపెన్‌ఎస్ఎస్ఎల్ వాడే ప్రతివాళ్లూ హడలిపోయారు. నిజానికి దెబ్బ తగిలింది 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ దాకా ఉన్న వెర్షన్లకే. 0.9.8, 1.0.0 వరుసల్లో ఆ బగ్గు లేదు, ఎందుకంటే బగ్గు దాక్కున్న హార్ట్‌బీట్ కోడే అక్కడ లేదు. పాత కాపీ అంటే ఎప్పుడూ ఎక్కువ ప్రమాదమేనని మనం అనుకుంటాం. అప్పుడప్పుడు పాతదే కాపాడుతుంది.

కాబట్టి రిపేరు ఎప్పుడు జరిగిందో తెలుసుకున్నాక, బగ్గు ఎప్పుడు పుట్టిందో కూడా వెతకండి. రిపేరు కమిట్ మార్చిన లైన్ల మీద గిట్ బ్లేమ్ పెట్టి వెనక్కి నడవండి. లినక్స్ కెర్నెల్ వాళ్లు రిపేరు కమిట్‌లోనే "ఫిక్సెస్" అనే వరసలో తప్పు చేసిన కమిట్ ఏదో రాస్తారు. అన్ని ప్రాజెక్టులకూ ఈ మంచి అలవాటు లేదు. లేనిచోట మీరే తవ్వుకోవాలి.

బగ్గు ఉందని తేలాక ఇంకో ప్రశ్న: ఆ బగ్గున్న దారిలోకి మీ ప్రోగ్రాం వెళుతుందా? 2022లో జీలిబ్‌లో బయటపడిన సీవీఈ-2022-37434నే చూడండి. ఇన్‌ఫ్లేట్‌గెట్‌హెడర్ అనే ఫంక్షన్‌ను పిలిచే ప్రోగ్రాములకే దానివల్ల ప్రమాదం. జీలిబ్‌ను బండిల్ చేసి కూడా దాన్ని ఎన్నడూ పిలవని సాఫ్ట్‌వేర్లు బోలెడు. మీ కోడ్ అంతా వెతికితే అది ఒక్కచోట కూడా లేదనుకోండి. అప్పుడు ఈ వారం రిలీజు ఆపాల్సిన పని లేదు. అలాగని రిపేరు మానేయమని నేను చెప్పను. వచ్చే ఏడాది ఇంకెవరో ఆ ఫంక్షన్‌ను పిలవవచ్చు. తొందర ఎంతన్నది తేల్చుకోవడానికే ఈ ప్రశ్న.

3. ఒక్క కమిట్ తెచ్చి చేతులు దులుపుకోకండి

ఈ అధ్యాయంలో మీరు ఒకే ఒక్క సలహా గుర్తుపెట్టుకోగలిగితే, ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు చెప్పుకున్న జీలిబ్ బగ్గు కథే తీసుకుందాం. జీజిప్ ఫైలు హెడర్‌లో "ఎక్స్‌ట్రా" అనే భాగం ఒకటుంటుంది. దాన్ని చదివేటప్పుడు, అది మరీ పెద్దదైతే, బఫర్ హద్దు దాటి రాసే తప్పు ఉండేది. అప్‌స్ట్రీమ్ వాళ్లు చిన్న రిపేరు చేశారు. అప్పటిదాకా ఎంత పొడవు చదివారో ముందే లెక్కగట్టి, అది బఫర్ పరిమాణం కన్నా తక్కువైతేనే కాపీ చేయాలన్నారు. చూడటానికి ముచ్చటగా ఉంది. చదివినవాళ్లు సరే అన్నారు.

తిరకాసు ఎక్కడంటే, ఆ పొడవు లెక్క హెడ్ అనే పాయింటర్ లోపలి విలువలతో జరుగుతుంది. ఆ పాయింటర్ నల్ కాదు కదా అని చూసే షరతు, లెక్క కట్టిన తర్వాతి లైన్లో ఉంది. ఇన్‌ఫ్లేట్‌గెట్‌హెడర్‌ను పిలవని ప్రోగ్రాములో హెడ్ ఎప్పుడూ నల్లే. అంటే ఏమైంది? అసలు బగ్గుతో ఏ సంబంధమూ లేని ప్రోగ్రాములు, ఎక్స్‌ట్రా భాగం ఉన్న ఒక మామూలు జీజిప్ డేటా రాగానే క్రాష్ అయ్యాయి. కర్ల్ వాళ్లకు ఈ దెబ్బ తగిలింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. కొద్ది రోజుల్లోనే అప్‌స్ట్రీమ్ ఇంకో కమిట్ వేసి, లెక్కను షరతు లోపలికి, నల్ పరీక్ష తర్వాతికి జరిపింది. ఈ రెండు కమిట్లూ కలిసి ఉన్న 1.2.13 వెర్షన్ వచ్చింది మాత్రం 2022 అక్టోబరులో.

మధ్యలో ఏం జరిగి ఉంటుందో ఊహించండి. మొదటి కమిట్ పడగానే ఒక బుద్ధిమంతుడు దాన్ని తన బండిల్‌లోకి తెచ్చాడు. టికెట్ మూసేశాడు. శభాష్ కూడా అనిపించుకున్నాడు. రెండో కమిట్ వచ్చిన సంగతి అతనికి ఎవరు చెబుతారు? దానికి సీవీఈ నంబరు లేదు. స్కానర్ ఎర్ర లైటు వెలిగించదు. అతని వెర్షన్ ఇప్పుడు రిపేరు చేయని దానికన్నా ఎక్కువమందికి ప్రమాదం.

ఇదేదో జీలిబ్ ఒక్కదానికి పట్టిన గ్రహచారం కాదు. అదే ఏడాది ఎక్స్‌ఎంఎల్ చదివే ఎక్స్‌పాట్ లైబ్రరీ ఫిబ్రవరిలో 2.4.5 విడుదల చేసి ఒకేసారి చాలా సీవీఈలు మూసింది. వాటిలో ఒక రిపేరు ఇంకో చోట తేడా చేయడంతో, వెంటనే 2.4.6 రావలసి వచ్చింది. మరో రిపేరు మరీ కఠినంగా ఉండి సరైన ఫైళ్లను కూడా తోసిపుచ్చుతుంటే, దాన్ని సడలిస్తూ 2.4.7 వచ్చింది. తొందరలో చేసే భద్రతా రిపేర్లకు తోక ఉండటం మామూలు విషయమని మనసులో పెట్టుకోండి.

తోకను ఎలా పట్టుకోవాలి? మూడు పనులు చేయండి. రిపేరు కమిట్ మార్చిన ఫైళ్లకు ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా వచ్చిన లాగ్ మొత్తం చదవండి. నెలల తరబడి ఉన్నా ఒక్కో ఫైలుకు సాధారణంగా ఒక పేజీ దాటదు. తర్వాత గిట్ లాగ్‌లో గ్రెప్ ఆప్షన్‌తో ఆ కమిట్ నంబరు మొదటి కొన్ని అక్షరాలను వెతకండి. తర్వాత వచ్చిన కమిట్లు దాన్ని పేరుపెట్టి ప్రస్తావిస్తే దొరికిపోతుంది. ఆ ఫంక్షన్ పేరుతో కూడా వెతకండి, ఎందుకంటే అందరూ నంబరు రాయరు. చివరిది జనం ఎగ్గొట్టే పని: బ్యాక్‌పోర్ట్ చేసిన కొన్ని వారాల తర్వాత ఇదే వెతుకులాట మళ్లీ చేయాలని క్యాలెండరులో ఇప్పుడే పెట్టుకోండి. టికెట్ మూసే ముందే పెట్టుకోండి. మూశాక ఎవరికీ గుర్తుండదు.

4. విడుదల కాని రిపేర్లూ ఉంటాయి

పైదానికి తిరగేసిన కథ ఇది. జీలిబ్ 1.2.11 వచ్చింది 2017 జనవరిలో. 2018లో ఒకరు చెప్పిన బగ్గుకు అప్‌స్ట్రీమ్ రిపేరు చేసి డెవలప్‌మెంట్ బ్రాంచిలో పెట్టింది. తర్వాత కొత్త విడుదలే లేదు. 2022 మార్చిలో గూగుల్ భద్రతా పరిశోధకుడు టావిస్ ఓర్మాండీ అదే బగ్గు మీద పడి, రిపేరు నాలుగేళ్లుగా అక్కడే పడి ఉందని తెలిసి నలుగురికీ చెప్పాకే దానికి సీవీఈ-2018-25032 అన్న నంబరు, 1.2.12 అన్న విడుదల వచ్చాయి. నంబరులో 2018 ఉండటం చూసి పాత గొడవేలే అనుకున్నవాళ్లూ ఉండి ఉంటారు.

మీరు బండిల్ చేసిన లైబ్రరీలు పాతిక ఉంటే అన్నిటి బ్రాంచీలూ రోజూ చదవమని చెప్పడం అన్యాయం. బయటి నుంచి వచ్చిన డేటాను తాకేవి మూడో నాలుగో ఉంటాయి, బొమ్మలు విప్పేవి, కుదించిన ఫైళ్లు తెరిచేవి, ఎక్స్‌ఎంఎల్ చదివేవి. వాటి అప్‌స్ట్రీమ్ లాగ్‌ను మాత్రం అప్పుడప్పుడు తిరగేయండి.

5. ప్యాచ్ వేసేటప్పుడు

ఇక్కడ త్వరగా చెప్పేస్తాను, చేతులు కదిలితే వచ్చే విద్య ఇది.

అప్‌స్ట్రీమ్ రిపోలో గిట్ ఫార్మాట్-ప్యాచ్‌తో కమిట్‌ను ఫైలుగా తీయండి. మీ రిపోలో గిట్ ఏఎమ్‌కు డైరెక్టరీ ఆప్షన్ ఇచ్చి, బండిల్ ఉన్న ఫోల్డరు చూపించి వేయండి. ఇలా చేస్తే రాసినవాళ్ల పేరు, తేదీ, వాళ్ల మెసేజీ మీ చరిత్రలోకి అలాగే వస్తాయి. ఎవరి కష్టం వాళ్ల పేరు మీదే ఉండటం మర్యాద కూడా.

గిట్ అప్లై వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. సబ్‌ఫోల్డరులో నిలబడి ఆ కమాండు ఇస్తే, ఆ ఫోల్డరు బయటి దారుల్లో ఉన్న మార్పులను అది పక్కన పెట్టేస్తుంది. ఎర్రర్ రాదు, మార్పూ జరగదు. మీరేమో పనైపోయిందనుకుంటారు. రిపో పైభాగం నుంచే నడపండి, నడిపాక గిట్ డిఫ్ స్టాట్ చూసి ఎన్ని ఫైళ్లు కదిలాయో లెక్కపెట్టండి. పాత ప్యాచ్ కమాండుతో ఇంకో పేచీ ఉంది. చుట్టూ ఉన్న లైన్లు సరిగ్గా కలవకపోయినా "ఫజ్ 2తో కుదిరింది" అని గొణిగి ముందుకు పోతుంది. అచ్చం ఒకేలాంటి రెండు లూపులున్న ఫైలులో అది రెండోదాన్ని మార్చి కూర్చోవచ్చు. ఫజ్ అన్న మాట కనబడిందా, ఆగి ఆ చోటు మీ కళ్లతో చూడండి.

మరి కాన్‌ఫ్లిక్ట్ వస్తే? అప్‌స్ట్రీమ్ వాళ్లు ఆ ఫంక్షన్‌ను మధ్యలో తిరగరాశారు, మీ పాత కాపీలో ఆ రూపం లేదు. మీ పక్క సీటతను "ఆ తిరగరాసిన కమిట్లు కూడా తెచ్చేద్దాం బ్రో, అప్పుడు ప్యాచ్ నీటుగా పడుతుంది" అంటాడు. ఒకటీ రెండూ అయితే అతని మాట వినండి. అయిదారు అవుతున్నాయంటే వినకండి. అప్పుడు మీరు చేస్తున్నది బ్యాక్‌పోర్ట్ కాదు, సగం అప్‌గ్రేడ్. సగం అప్‌గ్రేడ్‌ను ప్రపంచంలో ఎవరూ టెస్ట్ చేసి ఉండరు. రిపేరు వెనక ఆలోచన ఏమిటో అర్థం చేసుకుని, పాత కోడ్‌లో అదే ఆలోచనను చేత్తో రాయండి. రాసిన తర్వాత అప్‌స్ట్రీమ్ డిఫ్, మీ డిఫ్ పక్కపక్కన పెట్టి, ప్రతి తేడాకూ కారణం చెప్పగలరో లేదో చూసుకోండి.

ఆ చేత్తోనే పక్కనున్న చెత్త కూడా ఊడ్చేద్దామన్న మోజు కలుగుతుంది. వాడని వేరియబుల్ తీసేద్దాం, వార్నింగ్ పోగొడదాం అనిపిస్తుంది. వద్దు. 2006లో డెబియన్ వాళ్ల ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ప్యాకేజీలో, మెమరీ తనిఖీ టూల్ ఇస్తున్న వార్నింగుల కోసం ఒక చిన్న మార్పు చేశారు. దాంతో ర్యాండమ్ నంబర్లకు దినుసు అందించే కోడ్ పోయి, ప్రాసెస్ ఐడీ ఒక్కటే మిగిలింది. ఒక్కో రకం కీకి దాదాపు 32 వేల అవకాశాలకు మించి లేకుండా పోయాయి. ఈ సంగతి బయటపడింది 2008 మేలో. ఆ మధ్య కాలంలో ఆ ప్యాకేజీతో తయారైన కీలన్నీ ఊహించగలిగినవే. మీకు కనబడిన చెత్తను అప్‌స్ట్రీమ్‌కు పంపండి. అక్కడ ఆ కోడ్ తెలిసినవాళ్లు చూసి ఒప్పుకుంటే తిరిగి మీ దగ్గరికి వస్తుంది. లినక్స్ స్టేబుల్ బ్రాంచి వాళ్ల పద్ధతి ఇదే. మెయిన్‌లైన్‌లో ముందే ఉన్న మార్పునే తీసుకుంటారు, చుట్టుపక్కల లైన్లతో కలిపి 100 లైన్లు దాటకూడదంటారు.

6. టెస్ట్ ముందు ఫెయిల్ కావాలి

రిపేరుతో పాటు అప్‌స్ట్రీమ్ టెస్ట్ ఇచ్చి ఉంటే దాన్నీ తెచ్చుకోండి. బండిల్ చేసేటప్పుడు టెస్టుల ఫోల్డరు కోసేసి ఉంటారు కాబట్టి మీ సొంత టెస్టుల్లో చోటు చూడాల్సి రావచ్చు. ముందు రిపేరు లేకుండా నడపండి. ఫెయిల్ అయిందా? మంచిది. ఇప్పుడు రిపేరు వేసి నడపండి. రిపేరు లేకుండానే పాస్ అయితే సాధారణంగా రెండు అర్థాలు: మీ కాపీలో ఆ బగ్గు లేదు, లేదా మీ బిల్డ్ అసలు ఆ బండిల్‌ను వాడటమే లేదు. రెండోది మీరు అనుకునేదానికన్నా తరచుగా జరుగుతుంది. బిల్డ్ స్క్రిప్టు సిస్టమ్‌లో ఉన్న లైబ్రరీని లింక్ చేసుకుంటుంటే, మీరు ఫోల్డరులో ఏం మార్చినా గోడకు చెప్పినట్టే. మెమరీ బగ్గులకైతే అడ్రస్ శానిటైజర్ పెట్టి నడపండి, అది లేకుండా హద్దు దాటిన రాత కూడా మౌనంగా పాస్ అవుతుంది.

7. నంబరు మార్చకండి, ఆనవాలు రాయండి

ప్యాచ్ వేశాక హెడర్‌లో 1.2.11ను 1.2.13గా దిద్దితే స్కానర్ నోరు మూస్తుంది కదా అనిపిస్తుంది. అబద్ధం ఆడినట్టే. 1.2.13లో వచ్చిన మిగతా మార్పులేవీ మీ దగ్గర లేవు, ఉన్నాయనుకుని ఇంకెవరో కోడ్ రాస్తారు. తర్వాతి సీవీఈ వచ్చినప్పుడు మీ కాపీ ఎక్కడుందో మీకే తెలియదు.

హార్ట్‌బ్లీడ్ అప్పుడు అప్‌స్ట్రీమ్ రిపేరు 1.0.1జిలో వచ్చింది. డెబియన్ స్థిరమైన వెర్షన్ వాడేవాళ్లకు రిపేరు అందాక కూడా నంబరులో 1.0.1ఇ అనే కనిపించింది. దాని వెనక చేరిన డెబియన్ సొంత తోక మాత్రమే మారింది. గందరగోళపడ్డవాళ్లు ఉన్నారు, అయినా పద్ధతి సరైనదే. అసలు వెర్షన్ ఏదో ఒకచోట, మనం చేసిన రిపేరు ఏదో ఇంకోచోట ఉండాలి.

మీ సెక్యూరిటీ సహోద్యోగి ఫోన్ చేసి "స్కానర్ ఇంకా ఎర్రగానే చూపిస్తోందండీ" అంటే ఏం చెప్పాలి? "ప్యాచ్ వేశాం" అంటే ఆవిడ నమ్మాల్సిన పని లేదు. "ఫలానా సీవీఈ, అప్‌స్ట్రీమ్ కమిట్లు రెండు, మన రిపోలో ఈ రెండు కమిట్లు, టెస్ట్ ఇక్కడుంది" అని లింకులు పంపితే ఆవిడ ఆ ఒక్క వరసనూ మినహాయింపు జాబితాలో పెట్టుకుంటారు.

దీనికోసం కమిట్ మెసేజీలో అప్‌స్ట్రీమ్ కమిట్ పూర్తి నంబరు, సీవీఈ నంబరు, కాన్‌ఫ్లిక్ట్ వచ్చి చేత్తో మార్చి ఉంటే ఏం మార్చారో రెండు వాక్యాలు రాయండి. బండిల్ ఫోల్డరులోనే ఒక చిన్న రీడ్‌మీ కూడా ఉండాలి. క్రోమియం ప్రాజెక్టులో ఈ రీడ్‌మీలకు ఒక నమూనా ఉంది: పేరు, ఎక్కడి నుంచి తెచ్చారు, వెర్షన్, లైసెన్సు, చివర "లోకల్ మాడిఫికేషన్స్". ఆ చివరి గడి నింపడానికి బద్ధకించకండి. ఫెడోరాలో అయితే ప్యాకేజీ ఏయే లైబ్రరీలను బండిల్ చేసిందో స్పెక్ ఫైలులో ప్రకటించాలి. రేపు ఆ లైబ్రరీలో కొత్త బగ్గు వస్తే ఎవరెవరి కడుపులో అది దాక్కుందో ఒక్క వెతుకుడుతో తెలుస్తుంది. మీ కంపెనీలో అలాంటి జాబితా ఉందా?

8. ప్యాచ్‌ను ఎప్పుడు పారేయాలి?

ఒకే బండిల్ మీద మీ ప్యాచ్‌లు ఆరేడు దాటాయంటే, కొత్తది వేసే ప్రతిసారీ పాతవాటితో కుస్తీ పడుతున్నారంటే, ఇక బ్యాక్‌పోర్ట్ ఆపి అప్‌గ్రేడ్‌కు సమయం అడగండి. ఎలా అడగాలన్నది వేరే అధ్యాయానికి సరిపడా సంగతి. ఒక్కటి మాత్రం చెబుతాను: "పాతబడింది" అంటే మేనేజరు కదలరు, గత మూడు బ్యాక్‌పోర్ట్‌లకు పట్టిన రోజులు కూడి చూపిస్తే కదులుతారు.

అప్‌గ్రేడ్ రోజున జరిగే ప్రమాదం ఇది. ఎవరో ఉత్సాహంగా పాత ఫోల్డరు చెరిపేసి కొత్త టార్ విప్పుతారు. అప్‌స్ట్రీమ్‌లో ఇంకా చేరని మీ ప్యాచ్ ఒకటి దాంతోపాటే కొట్టుకుపోతుంది. రెండు నెలల తర్వాత కస్టమర్ దగ్గర పాత బగ్గు మళ్లీ లేస్తుంది. అందుకే ప్యాచ్‌లను గిట్ చరిత్రకే వదిలేయకుండా, బండిల్ పక్కన ఒక ప్యాచెస్ ఫోల్డరులో విడి ఫైళ్లుగా ఉంచండి. కొత్త సోర్సు దించి, ప్యాచ్‌లన్నీ వరసగా వేసే చిన్న స్క్రిప్టు రాసి పెట్టండి. సీపైథాన్ తనలో బండిల్ చేసిన ఎక్స్‌పాట్‌ను తాజా చేసుకోవడానికి ఇలాంటి స్క్రిప్టునే రిపోలో ఉంచుకుంటుంది.

కొత్త వెర్షన్ మీద ఏదైనా ప్యాచ్ పట్టకపోతే వెంటనే చేత్తో దిద్దకండి. గిట్ అప్లైకి రివర్స్, చెక్ అనే రెండు ఆప్షన్లు కలిపి ఇచ్చి చూడండి. వెనక్కి తీయడం సాఫీగా కుదురుతుందని అది చెబితే, ఆ రిపేరు కొత్త వెర్షన్‌లో ఇప్పటికే ఉందన్నమాట. ప్యాచ్ ఫైలు చెరిపేయండి, రీడ్‌మీలో ఆ వరస కొట్టేయండి, కమిట్ మెసేజీలో అది ఏ వెర్షన్‌తో వచ్చిందో రాయండి. అటూ పట్టక ఇటూ పట్టకపోతే అప్‌స్ట్రీమ్ వాళ్లు ఇంకో రకంగా దిద్ది ఉంటారు. అప్పుడు ఆరో సలహాలోని టెస్టును కొత్త వెర్షన్ మీద, ప్యాచ్ లేకుండా నడపండి. పాస్ అయితే ఆ ఫైలుకూ సెలవు.